సోమవారం మొదలుపెట్టకండి

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో, నాగోల్‌లో అద్దెకుంటాను. రాయదుర్గం దగ్గర ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నా భార్య జగిత్యాల దగ్గర గవర్నమెంట్ టీచర్. రెండో తరగతి చదివే పాప కూడా అక్కడే ఉంటుంది. శుక్రవారం రాత్రి ఊరికి వెళ్తాను, ఆదివారం రాత్రి ఇక్కడి జేబీఎస్ బస్టాండులో దిగుతాను. మూడేళ్లుగా ఇదే వరస. ఈ మూడేళ్లలో 14 కిలోలు పెరిగాను. మొన్న మూడు నెలల షుగర్ టెస్ట్ చేయిస్తే 6.1 వచ్చింది. మా నాన్నకు షుగర్‌తోనే కాలి వేలు తీసేశారు, కాబట్టి నాకు భయం లేక కాదు. ప్రతి సోమవారం డైట్ మొదలుపెడతాను. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం కీరా ముక్కలు, మజ్జిగ. ఇంటికొచ్చి వంటల వీడియోలు చూస్తూ పడుకుంటాను. బుధవారమో గురువారమో వచ్చేసరికి రాత్రి పదిన్నరకు బిర్యానీ, దాంతోపాటు ఏదో ఒక స్వీటు ఆర్డర్ పెట్టేస్తాను. ఆదివారం రాత్రయితే ఊర్లో తినే బస్సెక్కుతాను, ఆకలేమీ ఉండదు, అయినా తెప్పించుకుంటాను. తిన్నాక నా మీద నాకే అసహ్యమేస్తుంది. ఇంట్లో ఉండేది నేనొక్కణ్నే, అయినా ఎవరో చూస్తారన్నట్టు ఆ డబ్బాలు వీధి చివర పడేసి వస్తాను. ఊర్లో ఉన్న రెండు రోజులూ ఈ గోల ఉండదు, మామూలుగానే తింటాను. జిమ్‌కి ఏడాది ఫీజు కట్టి పదకొండు రోజులు వెళ్లాను. నాకు విల్ పవర్ లేదని అర్థమైపోయింది. మోటివేషన్ నిలబెట్టుకోవడం ఎలాగో చెప్పండి.

సమాధానం: తమ్ముడూ, చివర్లో మీకు మీరే వేసుకున్న తీర్పుకూ, ఉత్తరం మధ్యలో మీరే ఇచ్చిన సాక్ష్యానికీ పొంతన కుదరడం లేదు. ఊర్లో ఉన్న రెండు రోజులూ ఈ గోల ఉండదన్నారు. అంటే జగిత్యాలలో దిగగానే విల్ పవర్ పుట్టుకొచ్చి, జేబీఎస్‌లో దిగగానే మాయమైపోతోందా? మనిషి అదే, నాలుక అదే, జేబులో ఫోనూ అదే. తేడా రెండు విషయాల్లో ఉంది. అక్కడ పూటపూటకీ కంచంలో అన్నం పడుతుంది. అక్కడ పక్కన మనుషులుంటారు. ఇక్కడ రెండూ లేవు. అంటే మీకు రెండు రకాల ఆకళ్లున్నాయి. రెండింటికీ మీరు ఒకే వైద్యం చేస్తున్నారు: బుధవారం దాకా కడుపు మాడ్చడం, ఆ రాత్రి బిర్యానీ.

ముందు కడుపు ఆకలి సంగతి చూద్దాం. అది తేలిక.

సోమవారం మీరు తింటున్నది ఇంకోసారి చదవండి. టీ, రెండు బిస్కెట్లు, కీరా, మజ్జిగ. మా అమ్మ కాలంలో దీన్ని ఒక్కపొద్దు అనేవారు. వాళ్లకు పుణ్యమన్నా దక్కేది, పైగా ఏదో ఒక పూట కడుపునిండా తినేవాళ్లు. మీరేమో రోజంతా లెక్కలు చూసి, దాదాపు గంటసేపు మెట్రోలో నిలబడి, చీకటింట్లోకి వచ్చి లైటు వేసుకుంటున్నారు. ఆ వేళకు శరీరం అన్నం కోసం అరవకపోతే అప్పుడు కంగారు పడాలి.

మీరు వంటల వీడియోల మాట రాయగానే నాకొక పాత ప్రయోగం గుర్తొచ్చింది. 1944-45లో, రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల్ని 24 వారాల పాటు అరకొర తిండి మీద ఉంచాడు. యుద్ధంలో ఆకలితో శుష్కించిపోయిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేట్టు చేయాలో తెలుసుకోవడానికి చేసిన పని అది. ఆ యువకులు మనుషుల్ని చంపబోమని యుద్ధానికి వెళ్లకుండా, బదులుగా ఇలాంటి కష్టానికి తామే ముందుకొచ్చినవాళ్లు. వాళ్లకు మనసు గట్టిది కాదనడానికి వీల్లేదు. అలాంటి వాళ్లకు కూడా కొన్నాళ్లకు తిండి తప్ప ఇంకో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు తెచ్చుకుని చదివారు, వంటకాలు రాసి పోగుచేసుకున్నారు. అప్పుడు పుస్తకాలు, ఇప్పుడు రీల్స్. రాత్రి పదింటికి మీరు చూస్తున్నవాటిని కాలక్షేపం అనుకుంటున్నారు, నాకైతే మీ కడుపు పెట్టుకుంటున్న అర్జీలా కనిపిస్తోంది.

ఇంకో మాట. మీరెక్కే మెట్రో రోజూ తార్నాక మీదుగానే పోతుంది. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది అక్కడే. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. మన ఊళ్లోనే ఉంది కాబట్టి దాని మాట మనం వినం, ఫోన్‌లో ఎవరో కండల కుర్రాడు చెప్పేది వింటాం. 2024లో ఆ సంస్థ భారతీయుల తిండి గురించి 17 సూచనలతో పుస్తకం తెచ్చింది. అందులో రోజుకు సుమారు 2000 కేలరీల లెక్కన ఒక పళ్లెం నమూనా ఉంది. బియ్యం, గోధుమలు, జొన్నలు, రాగులు లాంటివన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు, గుడ్లు, మాంసం లాంటివి 85 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. ఇవి కాక పాలు, గింజలు, కాస్త నూనె. అన్నీ వండకముందు తూకాలు. చూశారా, అన్నాన్ని ఎవరూ ఇంట్లోంచి వెళ్లగొట్టలేదు. అన్నం పక్కన కూర కొండంత ఉండాలన్నారు, అంతే. మన దగ్గర అది తిరగబడి, అన్నం కొండంత, కూర ఆవగింజంత అయింది. మీకు ఎంత సరిపోతుందో డైటీషియన్ మీ బరువు, షుగర్ చూసి చెప్తారు. కానీ కీరా, మజ్జిగ మాత్రం ఎవరి లెక్కలోనూ మధ్యాహ్న భోజనం కాదు.

మరి ఒంటరి మగాడు, రోజూ వండుకునేదెవరు అంటారు. రైస్ కుక్కర్ ఆన్ చేయడాన్ని వంట అనరు. రాత్రి పడుకునే ముందు కందిపప్పులో తోటకూరో పాలకూరో వేసి ఒక కుక్కర్ పెడితే పొద్దున పోపు వేసుకుని డబ్బా కట్టుకోవచ్చు. అదీ కుదరని రోజు వీధి మలుపులో కర్రీ పాయింట్ ఉండనే ఉంటుంది. అన్నం మీది, పప్పు, ఒక వేపుడు కాని కూర వాళ్లవి. పైన తేలే నూనె వంచేయండి. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, రెండు ఇడ్లీలు, లేదా రెండు పెసరట్లు. ఇంతకన్నా గొప్ప ఏర్పాట్లు నేను చెప్పను, చెప్పినా మీరు వారం చేసి మానేస్తారు.

నేను పట్టుబట్టేది మాత్రం సాయంత్రం ఆరింటి తిండి గురించి. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నవాడు రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరితే మధ్యలో ఎనిమిదిన్నర గంటలు. ఎంత బుద్ధిమంతుడైనా ఆ ఆకలితో ఫోన్ పట్టుకుంటే బెండకాయ కూర ఆర్డర్ పెట్టడు. కాబట్టి ఆరింటికల్లా గుప్పెడు ఉడికించిన శనగలు కానీ, బొబ్బర్ల గుగ్గిళ్లు కానీ, పల్లీలు కానీ తినండి. పక్కన ఒక జామకాయ. వానాకాలంలో మక్క బుట్ట. టేబుల్ సొరుగులో పుట్నాలు, పల్లీలు కలిపి ఒక డబ్బా ఎప్పుడూ ఉండాలి. ఎవరైనా నవ్వితే వాళ్లకూ రెండు పెట్టండి. రాత్రి పదిన్నర యుద్ధం నిజానికి సాయంత్రం ఆరింటికే తేలిపోతుంది, మీరు గమనించడం లేదంతే.

ఇంటికొచ్చాక కూడా ముందు కంచం, తర్వాత ఫోన్. అన్నం ఇష్టం లేకపోతే, సాయంత్రాలు రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు తట్టి కాల్చిచ్చే అక్కలు ఈ నగరంలో అన్ని పేటల్లోనూ ఉన్నారు. రెండు రొట్టెలు తెచ్చుకుని పప్పుతో తినండి. తిన్నాక కూడా బిర్యానీ కావాలనిపిస్తే అప్పుడు ఆర్డర్ పెట్టుకోండి, నేను అడ్డం రాను. నిండిన కడుపుతో పెట్టే ఆర్డర్ వేరుగా ఉంటుందని మీకే తెలుస్తుంది.

ఇప్పుడు రెండో ఆకలి. ఆదివారం రాత్రిది. ఆ రాత్రి కడుపు నిండే ఉంటుందని మీరే చెప్పారు కాబట్టి శనగలు, గుగ్గిళ్లు అక్కడ పనికిరావు.

మా అబ్బాయి చదువుకని ఊరు దాటిన ఏడాది నేను తిన్నన్ని ఉస్మానియా బిస్కెట్లు జన్మలో తినలేదు. రాత్రి తొమ్మిదింటికి, వాడు ట్యూషన్ నుంచి వచ్చే వేళకు, నా చేయి తనంతట తనే డబ్బా మీదకి పోయేది. ఆకలి కాదని తెలుసు. ఆ వేళకు ఎవరికో ఒకరికి పెట్టే అలవాటు చేతికి మిగిలిపోయింది. పెట్టడానికి మనిషి లేక నాకు నేనే పెట్టుకున్నాను. ఈ సంగతి నాకు అర్థం కావడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఈలోపు జాకెట్లన్నీ కుట్లు విప్పించుకోవాల్సి వచ్చింది.

కాబట్టి బాధను తిండితో ఊరుకోబెట్టుకోవడం మీరొక్కరే చేస్తున్న నేరమేమీ కాదు. ఏడ్చే పిల్లాడి నోట్లో బెల్లం ముక్క పెట్టే జాతి మనది. పెళ్లికి తింటాం, పరీక్ష పాసైతే తింటాం, చావింట్లో కూడా చుట్టాలు అన్నం గిన్నెలు పట్టుకొచ్చి తినమని బతిమాలతారు. తిండి ఓదారుస్తుంది. అది అబద్ధం కాదు. ఆదివారం రాత్రి మీ బిర్యానీ కూడా ఓ ఇరవై నిమిషాలు ఓదారుస్తోంది, పనిచేస్తోంది కాబట్టే మీరు మళ్లీ మళ్లీ దాని దగ్గరికి పోతున్నారు. చిక్కల్లా ఇరవై ఒకటో నిమిషంతోనే.

ఒక పని చేయండి. చిన్న నోటు పుస్తకం ఫ్రిజ్ మీద పెట్టండి. కేలరీలు రాయడానికి కాదు, అవి రాస్తే మీ అకౌంట్స్ బుద్ధి లేచి కూర్చుంటుంది. ఆర్డర్ పెట్టే ముందు మూడు ముక్కలు రాయండి: ఇప్పుడు టైమెంత, చివరిసారి కడుపునిండా ఎప్పుడు తిన్నాను, ఈ పూట ఏం జరిగింది. రాశాక ఆర్డర్ పెట్టినా పర్లేదు. నెల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే, ఏ రాత్రి అన్నం లేక తిన్నారో, ఏ రాత్రి పాప గొంతు వినక తిన్నారో మీ చేతిరాతలోనే ఉంటుంది.

పాప అన్నాను కదా. మీరు ఇల్లు చేరేసరికి రెండో తరగతి పిల్ల నిద్రపోయి ఉంటుంది. మరి ఆ పిల్లతో రోజూ ఎప్పుడు మాట్లాడుతున్నారు? ఉత్తరంలో ఎక్కడా లేదు. మెట్రోలో నిలబడి, ఎవరి మోచేయో పక్కలో గుచ్చుకుంటుంటే "హలో, వినపడుతోందా" అనుకోవడం మాట్లాడటం కాదు. ఆరింటికి శనగలు తినమన్నాను చూడండి, ఆ పది నిమిషాలు పాపకి ఇచ్చేయండి. ఆఫీసు మెట్ల మీద కూర్చుని, మీరు శనగలు నములుతూ, తను ఏదో చూపిస్తూ. రోజులో ఒక్కసారన్నా మనిషి ఎదురుగా కూర్చుని తిన్నట్టుంటుంది.

ఆదివారం బస్సు మార్చండి. పది గంటలకు జేబీఎస్‌లో దిగితే నేరుగా చీకటింట్లోకి వెళ్లడం తప్ప ఇంకో పని ఉండదు. రెండు మూడు గంటల ముందు దిగేట్టు చూసుకోండి. పాప మెలకువగా ఉండగానే ఇల్లు చేరి, ఫోన్‌లో తనతో మాట్లాడొచ్చు. బట్టలు ఉతుక్కోండి, మర్నాటి చొక్కా ఇస్త్రీ చేసుకోండి, మేడ మీద కాసేపు నడవండి. చేతులకు పని కావాలి. ఈ తినాలనే యావ అదేపనిగా పెరుగుతూ పోదు. లేస్తుంది, కాసేపు ఊపేస్తుంది, దిగిపోతుంది. దిగేదాకా ఇంకో పనిలో ఉండగలిగితే చాలు. ఉండలేని రాత్రులూ ఉంటాయి. ఉండనివ్వండి.

దీని వెనక ఇంకా పెద్ద సంగతి ఉంది, అది నేను చెప్పకపోతే ఈ సమాధానమంతా ఉత్త పోపు గింజల కబురు అవుతుంది. మూడేళ్లయింది మీరిలా ఉండబట్టి. ఇంకెన్నాళ్లు? సోమవారాలు ఇంటి నుంచి పనిచేయడానికి మీ ఆఫీసులో ఎప్పుడైనా అడిగారా? కరీంనగర్ వైపు పని చూశారా? బదిలీ మాటేమైనా ఉందా? లేకపోతే కనీసం ఇక్కడ ఇంకెవరితోనైనా ఇల్లు పంచుకోవచ్చా? వీటికి నా దగ్గర జవాబుల్లేవు, మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సినవి. ఒంటరితనానికి జొన్నరొట్టె మందు కాదని మాత్రం నాకు తెలుసు.

ఇక ఆ డబ్బాలు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎవరి నుంచి దాస్తున్నారు తమ్ముడూ? మీ నుంచి మీరే. దాచిన తిండికి బలమెక్కువ. రేపటి నుంచి ఆ డబ్బాలు మీ వంటింటి చెత్తబుట్టలోనే వేయండి, పొద్దున చెత్త బండికి అందరితో పాటు ఇవ్వండి. ఈ వారం ఊరికెళ్లినప్పుడు మీ ఆవిడకి చెప్పండి. "నేను రాత్రిళ్లు ఇలా తింటున్నాను, ఆపుకోలేకపోతున్నాను, షుగర్ 6.1 వచ్చింది" అని ఈ మూడు ముక్కలు చాలు. టీచరమ్మ కదా, వెంటనే టైం టేబుల్ వేసి రోజూ "ఏం తిన్నావు" అని హాజరు తీసుకునే ప్రమాదం ఉంది. "అది అడగొద్దు, రాత్రి పదిన్నరకు నేను ఫోన్ చేస్తే మాత్రం ఎత్తు" అని ముందే అడిగి పెట్టుకోండి.

నాన్నగారి కాలి వేలు గురించి రాశారు. ఆ భయం మిమ్మల్ని కాపాడుతుందని మీ ఆశ. మూడేళ్లుగా కాపాడలేదు కదా. మీ విషయంలో వరస ఇలా ఉంది: నాన్న గుర్తొస్తారు, భయమేస్తుంది, భయం నుంచి తప్పించుకోవడానికి ఏదో ఒకటి నోట్లో పడాలి. భయంతో మనిషి ఒక పూట మానేస్తాడేమో, మూడు నెలలు వండుకోడు. అయినా 6.1 అంటే ఏమిటో సరిగ్గా చూడండి. 5.7 కన్నా తక్కువైతే మామూలు, 6.5 లేదా ఆపైన వస్తే షుగర్ ఉన్నట్టు. మీరు మధ్యలో ఉన్నారు, వెనక్కి రాగలిగే చోటే ఉన్నారు. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, అందుకే ఈ టెస్ట్ రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది. రోజూ బరువు తూచుకుని ఏడవకండి. డాక్టర్ని కలిసి, చెప్పిన మందులుంటే వాడి, మూడు నెలలకు మళ్లీ టెస్ట్ చేయించండి. జిమ్ డబ్బులు పోతే పోయాయి, తిన్నాక పావుగంట నడవండి. రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూడటం ఆపితే మర్నాటి ఆకలి కూడా కాస్త మాట వింటుంది, నిద్ర తక్కువైన రోజు స్వీట్ల మీదకి మనసు ఎక్కువగా పోవడం మీరూ గమనించే ఉంటారు.

ఫోన్‌లో ఆర్డర్ యాప్ తీసేయండి. కనీసం అందులో కార్డు, అడ్రస్ చెరిపేయండి. మళ్లీ అన్నీ నింపాల్సి వస్తే ఐదు నిమిషాలు పడుతుంది, ఆ ఐదు నిమిషాల్లో చాలా బిర్యానీలు ఆగిపోతాయి. బిర్యానీ జన్మలో తిననని మాత్రం ఒట్టు పెట్టుకోకండి, హైదరాబాద్‌లో ఉంటూ అలాంటి ఒట్టు ఎవరూ నిలబెట్టుకోలేరు. పగటిపూట, ఆఫీసు వాళ్లతో కలిసి, కంచంలో పెట్టుకుని తినండి. ఒకటి ఇద్దరు పంచుకోండి. సింగిల్ అని ఇస్తారు కానీ అది ఇంట్లో ఇద్దరు తినేంత ఉంటుందని మీకూ తెలుసు.

ఒట్టు మాట ఎందుకు అన్నానంటే, 1975లో హర్మన్, మాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ అమ్మాయిలకు మిల్క్ షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమని ముందు పెట్టారు. మామూలుగా తినేవాళ్లు, అప్పటికే కడుపు నిండింది కాబట్టి తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు, ఎలాగూ ఈ రోజు పాడైపోయింది కదా అన్నట్టు ఇంకా ఎక్కువ తిన్నారు. మీ బుధవారం రాత్రి బిర్యానీతో పాటు వచ్చే స్వీటు ఇదే. బిర్యానీ అంటే ఆకలి అనుకుందాం, ఆ స్వీటు మాత్రం "ఎలాగూ పోయింది" ఖాతాలోది.

ఒక విషయం నెమ్మదిగా చెప్తున్నాను, కంగారు పడకండి. ఆపుకోలేకుండా, కడుపు నొప్పెట్టేంత తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక అసహ్యపడటం వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలుగా జరుగుతుంటే, డాక్టర్లు దాన్ని విడిగా ఒక జబ్బుగానే చూస్తారు. 2013 నుంచి అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలో దానికి ప్రత్యేకంగా పేరు, చోటు ఉన్నాయి. దానికి వైద్యం ఉంది, చాలామందికి బాగా పనిచేస్తుంది. మీకు అది ఉందో లేదో ఉత్తరం చూసి నేను చెప్పకూడదు. కానీ మీరు రాసిన గుర్తులు చూస్తే ఒకసారి సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవడం మంచిది. వెళ్లడానికి మొహమాటమైతే ముందు 14416 కి ఫోన్ చేయండి. మనసు బాగోలేనప్పుడు సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ అది. ఖర్చు లేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. తిన్నది బలవంతంగా కక్కేయడం, బతకడం దండగ అనిపించడం లాంటివి ఏమైనా ఉంటే మాత్రం ఈ రోజే చేయండి.

మోటివేషన్ గురించి కదా మీరు అడిగింది. మూడేళ్లుగా శుక్రవారం రాత్రి బస్సు తప్పకుండా ఎక్కుతున్నారే, ఎప్పుడైనా అందుకోసం వీడియో చూశారా? వానొచ్చినా, ఆఫీసులో క్లోజింగ్ ఉన్నా, ఒళ్లు నొప్పులున్నా ఎక్కారు. అక్కడ రోజు ఉంది, టైం ఉంది, అవతల ఎదురుచూసే మనిషి ఉంది. తిండికి కూడా ఆ మూడూ పెట్టండి. లండన్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు అలవాట్లు ఎన్నాళ్లకు కుదురుతాయో చూస్తే సగటున 66 రోజులు తేలింది. కొందరికి 18 రోజుల్లోనే కుదిరింది, కొందరికి 254 రోజులు పట్టేట్టు లెక్క తేలింది. నాకు నచ్చింది ఆ అంకెలు కాదు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా వాళ్లు చూశారు. ఒక్క బుధవారం తప్పితే గురువారం పొద్దున ఇడ్లీ తినండి, వచ్చే సోమవారం దాకా ఆగకండి.

అసలు ఆ సోమవారాన్నే వదిలేయండి. మీకు వారం మొత్తంలో బరువైన రాత్రి ఆదివారం. దాని మర్నాడే, పశ్చాత్తాపంతో, ఖాళీ కడుపుతో మొదలుపెట్టింది బుధవారం దాకా రావడమే గొప్ప. గురువారం మొదలుపెట్టండి. ఒకే ఒక్క పనితో, ఆరింటి శనగలతో. మర్నాడే ఊరికెళ్తారు కాబట్టి మనసు కూడా తేలిగ్గా ఉంటుంది. అక్కడ రెండు రోజులు ఎలాగూ బాగానే తింటారు. అప్పటికే నాలుగు రోజులు గడిచి ఉంటాయి.

ఆదివారం బస్సెక్కే ముందు మీ ఆవిడని ఒక స్టీలు డబ్బా అడగండి. ఆదివారం రాత్రికి కాదు, సోమవారం పొద్దుటికి, మధ్యాహ్నానికి. రెండు సర్వపిండి ముక్కలు పొద్దుటికి, కాస్త చింతపండు పులిహోర మధ్యాహ్నానికి, ఏదైనా నిలవుండేది. దాంట్లోకి పప్పో గుడ్లో మీరు చూసుకోండి. ఒక షరతు మాత్రం ఉంటుంది, మీ ఆవిడే చెప్తుంది చూడండి. ఆ డబ్బా కడిగి శుక్రవారం మళ్లీ ఇంటికి తెచ్చివ్వాలి.